దిలీప్ కుమార్ నటన: విషాదమా, వాచికమా?

లోకం మెచ్చి ఇచ్చిన బిరుదే ఒక్కొక్కప్పుడు కళాకారునికి అడ్డుగోడ అవుతుంది. హిందీ చలనచిత్ర రంగంలో అర్ధశతాబ్దికి పైగా వెలిగిన దిలీప్ కుమార్ విషయంలో జరిగినది ఇదే. ఆయనను 'ట్రాజెడీ కింగ్' అన్నారు. 2021 జులై 7న ముంబయిలో ఆయన కన్నుమూసిన నాడు కూడా ఆ మాటే తిరిగి తిరిగి వినిపించింది. కన్నీరు, మధుపాత్ర, భగ్నప్రేమ - ఇవే ఆయన నటనకు సారమన్న అభిప్రాయం నేటికీ బలంగా ఉన్నది. ఆ అభిప్రాయంతో మేము ఏకీభవించలేము.

లెక్కలే తీసుకుందాము. ఉత్తమ నటుడుగా ఫిలింఫేర్ బహుమానం ఆయనకు ఎనిమిది మార్లు దక్కింది. వాటిలో 'దాగ్', 'దేవదాస్' వంటివి శోకభరితమైన పాత్రలే, కాదనము. కాని 'ఆజాద్', 'కోహినూర్', 'లీడర్', 'రామ్ ఔర్ శ్యామ్' - ఈ నాలుగింటిలోనూ ఆయన నవ్వించిన వాడే. వరుసగా విషాద పాత్రలు ధరించగా ఆ బరువు మనస్సును క్రుంగదీసిందనీ, వైద్యుని సలహాపై తేలికపాటి పాత్రల వైపు మరలితిననీ ఆయనే చెప్పుకున్నారు. బహుమానాలలో సగం హాస్యశృంగారాలకు వచ్చిన నటుని విషాదమనే ఒక్క గదిలో బంధించడం న్యాయం కాదు.

మరి ఆయన విశిష్టత ఎక్కడ ఉన్నది? మన ఆలంకారికులు అభినయాన్ని ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధాలుగా విభజించారు. దిలీప్ కుమార్ ప్రధానంగా వాచికాభినయంలో అద్వితీయుడని మా నిశ్చితాభిప్రాయం. వాచికమనగా గొంతెత్తి సంభాషణలు వల్లించడం కాదు. పాత్ర ఏ ఊరిది, ఏ కులవృత్తిది, ఏ మర్యాదలో పెరిగినది అన్నది మాటలోనే తెలియజేయడం.

1922 డిసెంబరు 11న పెషావరులో ఒక పండ్ల వర్తకుని ఇంట పుట్టిన యూసుఫ్ ఖాన్‌కు ఇంటి భాష హింద్‌కో. బాంబే టాకీస్ అధినేత్రి దేవికారాణి ప్రోత్సాహంతో 1944లో 'జ్వార్ భాటా' చిత్రం ద్వారా ఆయన తెరకెక్కారు. ఆనాటి మన నటులలో చాలమంది నాటకరంగం నుండి వచ్చినవారు. కడపటి వరుసలోని ప్రేక్షకునికి సైతం వినిపించేలా పలకడం వారికి అలవాటు. దిలీప్ కుమార్‌కు రంగస్థల పూర్వరంగం లేదు. మైక్రోఫోను చెంతనే ఉండగా అరవవలసిన అవసరమేమని గ్రహించిన తొలితరం నటులలో ఆయన ఒకరు.

ఈ సత్యానికి 1960లో వెలువడిన కె. ఆసిఫ్ 'మొఘల్-ఏ-ఆజమ్' మంచి నిదర్శనం. అక్బరు పాత్రలో పృథ్వీరాజ్ కపూర్ కంఠం సింహగర్జన వంటిది. యుద్ధానికి ముందు తండ్రి స్వయంగా కుమారుని గుడారానికి వచ్చే సన్నివేశం పాఠకులలో చాలమందికి గుర్తుండే ఉంటుంది. అట్టి గర్జనకు ఎదురుగా మరొక నటుడైతే తానూ గర్జించి ఉండేవాడు. దిలీప్ కుమార్ కంఠం తగ్గించారు. సలీము ధిక్కారమంతా ఆ తగ్గిన కంఠంలోనే ఉన్నది. రాజకుమారుని ఉర్దూ ఎంత మర్యాదగా ఉన్నదో అంత పదునుగానూ ఉన్నది. తండ్రి ఎదుట గొంతు పెంచని కొడుకు తండ్రికి లొంగినవాడని అనుకోరాదని ఆ దృశ్యం చెప్పుతుంది.

మరుసటి ఏడు, 1961లో, 'గంగా జమునా' వచ్చింది. ఈ చిత్రానికి ఆయనే నిర్మాత, నితిన్ బోస్ దర్శకుడు. ఇందులో గంగ నిరుపేద గ్రామీణుడు. తాను కూలి చేసి తమ్ముడు జమునను చదివిస్తాడు. జమీందారు మోపిన నిందకు చెరసాల పాలై, చివరకు బందిపోటుగా మారుతాడు. పోలీసు అధికారి అయిన తమ్ముని తుపాకికే బలి అవుతాడు. ఆ తమ్మునిగా నటించిన నాసిర్ ఖాన్ ఆయనకు నిజజీవితంలోనూ తమ్ముడే.

గంగ మాట్లాడేది దర్బారు ఉర్దూ కాదు, పాఠ్యపుస్తకాల హిందీ కాదు. పొలం గట్ల మీది అవధీ పల్లెపలుకు. నిన్న సలీముగా నజాకతుతో పలికిన నోరే నేడు గంగగా మోటుయాసలో పలికింది. ఈ రెండు చిత్రాల సంభాషణల రచనలోనూ వజాహత్ మీర్జా చేయి ఉన్నది. రచయిత ఎంత గొప్పవాడైనా ఆ యాసను ఎముకల దాకా దింపుకొనవలసినవాడు నటుడే. గంగ నవ్వినా, ధన్నోతో పోట్లాడినా, కబడ్డీ ఆడినా, తుదకు ప్రాణం విడిచినా ఆ పలుకుబడి ఎక్కడా తప్పలేదు. మదరాసులో పుట్టిన వైజయంతిమాల సైతం ధన్నోగా అదే యాసను నేర్చి పలికి ఆ యేటి ఉత్తమ నటి బహుమానం అందుకున్నది. దిలీప్ కుమార్‌కు మాత్రం ఆ బహుమానం రాలేదు. అయినను ఆయన ధరించిన పాత్రలన్నింటిలో గంగకే మేము ప్రథమ స్థానం ఇస్తాము.

తెలుగు పాఠకులకు మరింత చేరువైన ఉదాహరణ ఒకటి ఉన్నది. 1964లో తాపీ చాణక్య దర్శకత్వాన ఎన్.టి. రామారావు ద్విపాత్రాభినయం చేసిన 'రాముడు భీముడు'ను అదే దర్శకుడు 1967లో హిందీలో 'రామ్ ఔర్ శ్యామ్'గా తీశారు. ముఖం ఒక్కటే, దుస్తులు మార్చినా ఒక్కటే. కాని బావ కొరడాకు వణికే రాముని మాటలో తడబాటు, వాక్యం పూర్తి కాకముందే వెనుకకు లాగుకొనే భయం. శ్యాముని మాటలో నదురు బెదురు లేని దూకుడు. కన్నులు మూసుకొని విన్నా మాట్లాడుతున్నది ఎవరో తెలిసిపోతుంది. వాచికమంటే ఇదే.

ఆయన మాటలు నంజుకుంటారనీ, విరామాలు ఎక్కువనీ ఆక్షేపించేవారు ఉన్నారు. ఆ ఆక్షేపణలో కొంత సత్యం లేకపోలేదు. తరువాతి కాలపు కొన్ని చిత్రాలలో ఆ విరామం అవసరాన్ని మించి సాగింది. అయితే దోషం అనుకరించినవారిది హెచ్చు. వారు విరామాన్ని తీసుకున్నారు. విరామం వెనుకనున్న ఆలోచనను వదలిపెట్టారు. 1982 నాటి 'శక్తి'లో పోలీసు అధికారి అయిన తండ్రి పాత్రను చూడండి. కుమారుని అపహరించిన దుండగులతో టెలిఫోనులో మాట్లాడేటప్పుడు ఆయన ధర్మం తప్పనంటారు. ఆ మాట పలికే ముందరి మౌనంలో తండ్రి ప్రాణం విలవిలలాడుతుంది. 'గంగా జమునా'లో చట్టం తుపాకికి ఎదురుగా నిలిచిన నటుడు, రెండు దశాబ్దాల తరువాత అదే తుపాకిని చేతబట్టి కన్నకొడుకుపై పేల్చవలసి వచ్చింది. రెండు వైపులనూ అంత నిజాయితీతో పలికిన గొంతు మరొకటి మాకు కనరాదు.

ఈ చర్చ కేవలం సినిమా ముచ్చట కాదని మా మనవి. ఉర్దూ ఇంట పుట్టినవానికి తెలుగు పరాయిదనీ, తెలుగు ఇంట పుట్టినవానికి ఉర్దూ మరెవరిదో అనీ భావించేవారు మన చుట్టూ ఉన్నారు. ముస్లిములమై తెలుగు బోధించే మా బోటి వారిని చూచి విస్తుపోయేవారూ ఉన్నారు. వారికి మా సమాధానం గంగ. హింద్‌కో మాట్లాడే పఠాను బిడ్డ అవధ్ పల్లెటూరి రైతు నోటితో పలికితే, అది ఎరువు తెచ్చుకున్న మాట అని ఎవరూ అనలేదు. భాష పుట్టుకతో సంక్రమించే ఆస్తి మాత్రమే కాదు. శ్రమించి సాధించుకొనే హక్కు కూడా.

రెండు భాషల నడుమ పెరుగుతున్న మన విద్యార్థులు దిలీప్ కుమార్ జుట్టును, చూపును అనుకరించనక్కరలేదు. సలీము ఉర్దూను, గంగ పల్లెపలుకును ఒక్క నోట నిలుపుకొన్న ఆ సాధనను అనుకరిస్తే చాలు.