కంపెనీ మారితేనే విముక్తా?

మా అక్క కొడుకు జనవరిలో లెస్టర్ నుంచి ఎమ్మెస్సీ పట్టాతో కర్నూలు చేరుకున్నాడు. వచ్చిన నాలుగు నెలలకు, అక్కడ అతడితో ఒకే గదిలో ఉన్న మిత్రుడు ఒక ఉత్తరం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. అది బాకీలు వసూలు చేసే సంస్థ రాసిన ఉత్తరం. మొబైల్ బిల్లు బకాయి, దానిపై రుసుము కలిపి యాభై రెండు పౌండ్లు వెంటనే చెల్లించాలని, లేనిపక్షంలో బకాయిదారుగా నమోదు చేస్తామని దాని సారాంశం. కుర్రవాడు నిర్ఘాంతపోయాడు. "మామూ, బయలుదేరే ముందే బ్యాంకులో డైరెక్ట్ డెబిట్ ఆపించాను. సిమ్ కూడా తీసి పారేశాను. ఇంకా బిల్లు ఎక్కడిది?" అని అడిగాడు.

మన దేశంలో మొబైల్ వాడేవారిలో నూటికి తొంభై మందికి పైగా ప్రీపెయిడ్ వారే కనుక ఈ ప్రశ్నకు జవాబు కొంత వివరంగా చెప్పవలసి ఉంటుంది. ప్రీపెయిడ్‌లో ముందు డబ్బు, తర్వాత సేవ. రీచార్జి చేయకపోతే సేవ ఆగుతుంది; బాకీ పుట్టే అవకాశమే లేదు. బ్రిటన్‌కు వెళ్లే మన పిల్లల్లో చాలామంది తీసుకునేది ఫోన్ లేకుండా సిమ్ మాత్రమే ఇచ్చే నెలవారీ ఒప్పందం. ఏడాది, రెండేళ్ల కట్టుబాటు లేదని, ఎప్పుడంటే అప్పుడు మానుకోవచ్చని చెప్పి దీన్ని అమ్ముతారు. నెల నిండగానే ఎవరి సంతకమూ లేకుండా అది మరో నెలకు తనంతట తానే పొడిగించుకుంటుంది. ఆపమని మీరు చెప్పేదాకా అలా సాగుతూనే ఉంటుంది. బ్యాంకులో చెల్లింపు నిలిపివేస్తే ఆపమని చెప్పినట్టు కాదు. సిమ్ విరిచి చెత్తబుట్టలో వేసినా కాదు, విమానమెక్కి దేశం దాటినా కాదు. కంపెనీకి స్వయంగా తెలియజేయాలి. తెలియజేసిన నాటి నుంచి సాధారణంగా 30 రోజుల నోటీసు గడవాలి. వాడినా వాడకపోయినా ఆ ముప్ఫై రోజుల సొమ్మూ చెల్లించాలి.

ఇంతవరకే అయితే నేను ఈ వ్యాసం రాసేవాడిని కాదు. ఒప్పందంపై సంతకం చేసినవాడు దాని షరతులకు లోబడాలి అనడంలో తప్పేమీ లేదు. అయితే ఇదే దేశంలో, ఇదే కంపెనీల ఒప్పందాల్లోని ఇదే నోటీసు షరతును ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఒక వర్గం వినియోగదారుల విషయంలో ఏనాడో రద్దు చేసింది. బ్రిటన్ టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నిబంధనల ప్రకారం 2019 జూలై 1 నుంచి, కంపెనీ మారదలచినవారు ఎవరికీ ఫోన్ చేయనక్కర్లేదు. పాత నంబరు ఉంచుకోదలిస్తే 65075కు, వద్దనుకుంటే 75075కు ఒక సంక్షిప్త సందేశం పంపితే చాలు. నిమిషంలోపు కోడ్ రావాలి. చెల్లించవలసిన సొమ్ము ఏమైనా ఉంటే అదీ ఆ సందేశంలోనే చెప్పాలి. ఆ కోడ్ కొత్త కంపెనీకి ఇస్తే ఒక పనిదినంలో మార్పు పూర్తి కావాలి. మారిన తేదీ తర్వాతి రోజులకు నోటీసు పేరిట పాత కంపెనీ ఒక్క పెన్నీ వసూలు చేయరాదు. ఈ ఒక్క నిషేధం వల్లనే వినియోగదారులకు ఏడాదికి కోటి పౌండ్లకు పైగా ఆదా అవుతుందని ఆఫ్‌కామ్ అప్పట్లో ప్రకటించుకుంది.

మంచి సంస్కరణే. కాదనము. కానీ ఎవరి కోసం? ఒక దుకాణం వదిలి మరో దుకాణానికి వెళ్లేవాడి కోసం. ఏ దుకాణమూ వద్దు, నేను మా ఊరికి వెళ్లిపోతున్నాను, లేదా ఇక నాకు ఈ ఫోను అక్కర్లేదు అనేవాడికి ఆ సంస్కరణలో ఒక్క అక్షరమైనా దక్కలేదు. అతడు ఫోన్ చేయాలి, వరుసలో వేచి ఉండాలి, కారణం చెప్పుకోవాలి, ముప్ఫై రోజుల సొమ్ము కట్టాలి. ఇద్దరిదీ ఒకే ఒప్పందం, ఒకే షరతు, చెల్లించేదీ ఒకే మొత్తం. తేడా ఒక్కటే: మొదటివాడు రేపు కూడా ఎవరో ఒకరికి ఖాతాదారుగా ఉంటాడు, రెండోవాడు ఉండడు. హక్కును మనిషికి ఇచ్చారా, లేక మరో కంపెనీకి చేరబోయే అతడి డబ్బుకు ఇచ్చారా అన్న ప్రశ్న ఇక్కడ ఉదయించక మానదు.

అందులో మరో ఉచ్చు కూడా ఉంది. 75075కు సందేశం పంపితే వచ్చే కోడ్ పేరులోనే 'సేవ ముగింపు' అన్న మాట ఉంటుంది. అది చూసి ఒప్పందం ముగిసిందని చాలామంది భ్రమపడతారు. ముగియదు. ఆ కోడ్ ముప్ఫై రోజులు మాత్రమే చెల్లుతుంది. మరో కంపెనీ చేతికి అది చేరకపోతే మురిగిపోతుంది. పాత బిల్లు యథాప్రకారం వస్తూనే ఉంటుంది. ముగింపు అని పేరు పెట్టి, ముగించే శక్తిని మాత్రం వినియోగదారుడికి ఇవ్వలేదు!

కంపెనీ మారకుండానే నెలవారీ ఒప్పందం మానుకొని, అదే నంబరును వాడినంతకే చెల్లించే పద్ధతిలోకి మార్చుకుందామన్నా ఇదే చిక్కు. స్వదేశానికి తిరిగివచ్చిన విద్యార్థికి ఇది చిన్న అవసరం కాదు. ఇంటి యజమాని దగ్గరున్న డిపాజిట్ తిరిగి రావాలి, బ్యాంకు ఖాతా మూసుకోవాలి; వీటికి ఓటీపీలు ఆ నంబరుకే వస్తాయి. పొరుగు కంపెనీకి నంబరు తీసుకెళ్లడానికి ఒక్క సందేశం సరిపోతుంది. అదే కంపెనీలో ఖర్చు తగ్గించుకుంటానంటే మాత్రం కస్టమర్ కేర్ గడప తొక్కాల్సిందే.

ఇక ఆ గడప సంగతి. మా మేనల్లుడి పక్కన కూర్చొని నేనూ ఆ సంభాషణ విన్నాను. నలభై నిమిషాలు సంగీతం వినిపించారు. తర్వాత ఖాతా రహస్యపదం అడిగారు. చిరునామా, పుట్టినతేదీ అడిగారు. ఆ తర్వాత మరో విభాగానికి బదిలీ చేశారు. ఖాతాదారులు జారిపోకుండా పట్టి ఉంచడమే ఆ విభాగం పని. "ఎందుకు మానేస్తున్నారు? సగం ధరకే ఇస్తాం, మరో మూడు నెలలు ఉండండి" అన్నారు. "అయ్యా, నేను ఇండియాలో ఉన్నాను, ఇక రాను" అన్నాడు మావాడు. "అయితే విదేశాల్లో పనిచేసే ప్యాక్ ఒకటుంది" అని బదులు వచ్చింది. ఆ మాట్లాడిన ఉద్యోగి మీద నాకు కోపం లేదు. అతడి పైన లక్ష్యాల కత్తి వేలాడుతుంటుంది. ఎవరికి తెలుసు, అతడు కూడా మన ఊళ్లలోని ఏ కాల్‌సెంటర్‌లోనో రాత్రి డ్యూటీ చేస్తున్న మన బిడ్డే కావచ్చు. తప్పు ఆ అంచెను అక్కడ నిలిపినవారిది, నిలపనిచ్చినవారిది.

ఒప్పందాలు రద్దు చేసుకోవడం కష్టంగా ఉందన్న ఫిర్యాదులు ఒకటీ అరా కాదు. 2023 జూలైలో వర్జిన్ మీడియాపై ఆఫ్‌కామ్ విచారణ ప్రారంభించింది సరిగ్గా ఈ ఆరోపణల మీదే. ధరల విషయంలోనూ ఆ సంస్థ చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ఒప్పందం మధ్యలో ద్రవ్యోల్బణం లెక్కన ధర పెంచే షరతులను 2025 జనవరి 17 నుంచి కొత్త ఒప్పందాల్లో నిషేధించింది. అంటే చేయదలిస్తే చేయగలదు. మానుకునేవాడి విషయంలో ఇంకా చేయలేదు, అంతే.

దీన్ని సమర్థించేవారి వాదనలు రెండు విన్నాను. మొదటిది భద్రత. ఒక్క సందేశంతో సేవ రద్దయితే, ఫోన్ దొంగిలించినవాడు కూడా రద్దు చేయగలడు కదా అంటారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఇదే దొంగ 65075కు సందేశం పంపి నంబరునే మరో కంపెనీకి ఎత్తుకుపోగలడు. నంబరు చేజిక్కితే బ్యాంకు ఓటీపీలూ చేజిక్కుతాయి. అంతటి ప్రమాదాన్ని అంగీకరించి, మార్పును సులభం చేసినవారికి, అంతకన్నా తక్కువ ప్రమాదమున్న రద్దు దగ్గర మాత్రమే భద్రత గుర్తుకు రావడం విడ్డూరం. రెండో వాదన కంపెనీ లెక్కలది. ముందుగా తెలియకపోతే ఆదాయం అంచనా వేసుకోలేమంటారు. ఖాతాదారుడు పోటీ కంపెనీకి వెళ్లినప్పుడు ఆ అంచనా తప్పదా? ఆ నష్టాన్ని 2019 నుంచి భరిస్తూనే ఉన్నారు, ఏ కంపెనీ మూతపడలేదు.

తెలిసినవారు దీనికి ఒక ఉపాయం చెబుతారు. సూపర్‌మార్కెట్‌లో దొరికే మరో కంపెనీ ప్రీపెయిడ్ సిమ్ ఒకటి తెచ్చుకొని, 65075 కోడ్‌తో నంబరును దానికి మార్చేసుకుంటే చాలు. పాత ఒప్పందం ఒక పనిదినంలో ముగుస్తుంది, నోటీసు సొమ్ము ఉండదు, నంబరూ నిలుస్తుంది. ఆ ఉపాయం పనిచేస్తుంది. అక్కడున్న మన పిల్లలు దాన్ని వాడుకోవాలి కూడా. కానీ ఇందులోని అవమానాన్ని గమనించండి. ఏ సేవా వద్దన్నవాడు, కావాలన్నట్టు నటిస్తేనే అతడి మాట చెల్లుతుంది. అవసరం లేని సిమ్ కొన్నవాడు బాకీ లేకుండా బయటపడతాడు. ఉన్నమాట చెప్పినవాడు నెల సొమ్ము కట్టి బయటపడతాడు. అబద్ధమాడినవాడికి రాయితీ, నిజం చెప్పినవాడికి జరిమానా. ఇది ఎక్కడి న్యాయం?

మన దేశం సంగతి కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఏకపక్షమవుతుంది. దేశమంతటా నంబరు మార్పిడి సౌకర్యం 2011 జనవరి 20న వచ్చింది. 1900కు సందేశం పంపితే కోడ్ వస్తుంది. పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ మూసేయాలంటే మాత్రం ఇక్కడా షోరూమ్‌కో, కస్టమర్ కేర్‌కో వెళ్లి మొరపెట్టుకోవలసిందే. అయినా, ట్రాయ్ 2009 నాటి సేవా ప్రమాణాల్లో, కనెక్షన్ మూసేయమని కోరితే ఏడు రోజుల్లోగా మూసేయాలని ఒక గడువైనా పెట్టింది. ఎక్కడికి వెళుతున్నావని ఆ నియమం అడగలేదు. మూసేయమన్న కోరికనే హక్కుగా గుర్తించింది. ఆచరణలో లోపాలు ఎన్నైనా ఉండనీ, సూత్రం అది.

ఇంత చిన్న విషయానికి మైనారిటీ హక్కుల పత్రికలో చోటెందుకని కొందరు మిత్రులు అడిగారు. వక్ఫ్ ఉంది, రిజర్వేషన్లున్నాయి, సచార్ నివేదిక దుమ్ము కొట్టుకుపోతోంది, మీరేమో పది పౌండ్ల సిమ్ గురించి రాస్తున్నారన్నారు. వారికి నా సమాధానం సూటిగా ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైనారిటీ విద్యార్థులకు విదేశీ విద్యా ఉపకారవేతనం ప్రారంభించిన నాటి నుంచి, తండ్రి ఆటో నడిపే ఇంటి నుంచి, తల్లి కుట్టుమిషన్ తొక్కే ఇంటి నుంచి కూడా పిల్లలు బ్రిటన్ వెళుతున్నారు. మిగతా ఖర్చుకు అమ్మీ గాజులు తాకట్టు పడతాయి. ఆ పిల్లలు తిరిగి వచ్చేవారు. తిరిగి రావడానికే వెళ్లినవారు. నేను చెబుతున్న ఈ నిబంధన దెబ్బ కొట్టేది సరిగ్గా వారినే. అక్కడ బకాయిదారుగా నమోదైతే ఆ మచ్చ ఆరేళ్లు క్రెడిట్ చరిత్రలో ఉంటుంది. ఐదేళ్లకు మంచి ఉద్యోగం దొరికి మళ్లీ వెళితే, అద్దె ఇల్లు అడిగినప్పుడు, కారుకు అప్పు అడిగినప్పుడు, ఎప్పుడో పారేసిన సిమ్ ఎదురు వస్తుంది.

మనవారి తప్పూ ఉంది. ఆబిడ్స్ నుంచి అమీర్‌పేట దాకా కన్సల్టెన్సీలు విద్యార్థి చేతిలో ఉచిత సిమ్ పెట్టి విమానమెక్కిస్తాయి. ఎలా తెరవాలో చెబుతాయి గాని, ఎలా మూయాలో ఒక్కరూ చెప్పరు. బ్రిటన్‌లోని మన సంఘాలు కొత్తవారికి ఘనంగా స్వాగత సభలు చేస్తాయి. వెళ్లిపోయేవారి కోసం ఒక గంట కూర్చొని బ్యాంకు, ఫోను, కరెంటు ఖాతాలు మూయించే సభ నేనింతవరకు వినలేదు.

బయలుదేరబోయేవారు ముప్ఫై ఐదు రోజుల ముందే నోటీసు ఇవ్వాలి. ఫోన్‌లో చెప్పినా, వెంటనే అదే విషయాన్ని చాట్‌లోనో ఈమెయిల్‌లోనో రాతపూర్వకంగా పంపి, ముగింపు తేదీని వారి చేత రాయించుకోవాలి. చివరి బిల్లు కట్టాకే డైరెక్ట్ డెబిట్ ఆపాలి. ఉత్తరాల చిరునామా మార్చాలి. ఇదంతా మన జాగ్రత్త. జాగ్రత్త నేర్చుకున్నంత మాత్రాన నిబంధన న్యాయమైపోదు. కనుక ఆఫ్‌కామ్‌ను మనం అడగవలసింది స్పష్టం: 75075 కోడ్‌ను మరో కంపెనీకి ఇవ్వకుండానే, వినియోగదారుడు తిరుగు సందేశంలో 'ముగించు' అని నిర్ధారిస్తే ఒప్పందం ఆ పనిదినంలోనే ముగియాలి; కంపెనీ మారేవారికి రద్దయిన నోటీసు సొమ్ము, మానుకునేవారికీ రద్దు కావాలి; అదే కంపెనీలో ప్రీపెయిడ్‌కు మారే కోరికనూ సందేశంతోనే స్వీకరించాలి. ఆఫ్‌కామ్ తన నిబంధనలపై ప్రజాభిప్రాయం కోరినప్పుడు ఎవరైనా రాయవచ్చు, బ్రిటన్ పౌరులే కానక్కర్లేదు.

మా మేనల్లుడు చివరకు యాభై రెండు పౌండ్లు కట్టాడు. మన రూపాయల్లో అది అక్క పొదుపు సంఘంలో చాలా నెలల పాటు కట్టే వాయిదాలతో సమానం. కట్టిన రశీదు, నోటీసు ఉత్తరం, సంభాషణ జరిగిన తేదీలు నా దగ్గర ఉన్నాయి. ఇటువంటి ఉత్తరాలు మీ ఇంటికీ వచ్చి ఉంటే, పేరు, ఖాతా సంఖ్య కొట్టివేసి వాటి నకళ్లు పత్రిక చిరునామాకు పంపండి. నోటీసు ఏ రోజు ఇచ్చారు, చివరి బిల్లు ఏ రోజు వచ్చింది అన్న రెండు తేదీలు తప్పనిసరిగా రాయండి. ఆఫ్‌కామ్‌కు రాయబోయే లేఖతో వాటిని జతచేస్తాను.