తీయని భాష ఏది?

మద్దికెర కర్నూలు జిల్లా పడమటి భాగమున కన్నడ సీమకు చేరువగా నున్న గ్రామము. ఆ ప్రాంతమున తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును చెవిని పడుచుండును. వీనిలో తీయనిది ఏదని యడిగినచో ఎవరి మాట వారిదే.

తెలుగు మాటలు అచ్చులతో ముగియును గనుక తీయనివని పలువురందురు. కన్నడపు మాటలును చాలవరకు అట్లే ముగియును; అయినను అలవాటు లేనివారు కొందరు దానిని గరుకైనదందురు. ఉర్దూలో హల్లులతో ముగియు మాటలు పెక్కు. అయినను గజళ్ల మాధుర్యమును రసికులు మెచ్చుకొందురు. కావున తీపి అచ్చులలోను లేదు, హల్లులలోను లేదు.

2023లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో శాస్త్రజ్ఞులు 228 భాషల పలుకులను 820 మందికి వినిపించిరి. ఒక భాష తక్కిన వానికంటె సహజముగా మిక్కిలి అందమైనదని తేలలేదు. తమకు పరిచితమని తోచిన భాషనే శ్రోతలు ఎక్కువగా మెచ్చిరి.

తమిళ కవియైన సుబ్రహ్మణ్య భారతి తెలుగును సుందరమని కొనియాడెను. పరభాషను ప్రేమతో విన్న చెవికే అట్టి మాట తోచును.

కన్నడపు మాటలు కలిసిన పడమటి సీమ తెలుగును మోటుదని నవ్వువారు కలరు. పట్టణపు బడిలో తోడివారు నవ్వినచో పల్లె పిల్లవాడు తెలిసిన జవాబును సైతము చెప్పుటకు జంకును. నవ్వినవారికది వేడుక, వానికి చదువు నష్టము. ఒకరి పలుకు మోటుగా తోచినచో లోపము పలుకునది కాదు, అలవాటు పడని చెవిది. నాలుగు దినములు శ్రద్ధగా విన్నచో ఆ పలుకే తీయనగును.