సీఓడీ హద్దు లోపే ఉంది సరే, అందులో మందెంత?

తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి,
సనత్‌నగర్, హైదరాబాద్.

చైర్మన్ గారికి, సభ్య కార్యదర్శి గారికి,

మందుల ఫ్యాక్టరీలు చెడగొట్టిన పటాన్‌చెరు నీళ్ల సంగతి మీకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 1990లో సుప్రీంకోర్టుకెక్కిన కేసు హైకోర్టుకొచ్చి, అక్కణ్నుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లింది. ఆ కాగితాలు మీ బీరువాల్లోనే ఉంటాయి. నక్కవాగు, ఇస్నాపూర్, కాజిపల్లి, గండిగూడెం పేర్లు మీ ఇంజనీర్లకు కంఠతా వచ్చే ఉంటాయి. అందుకని పాత సంగతులు తవ్వను. అడగదలచింది ఒకటే. ఫ్యాక్టరీ గొట్టం దగ్గర సీసా పట్టినప్పుడు మీవాళ్లు ఆ నీళ్లలో ఏం వెతుకుతున్నారు?

పీహెచ్, సీఓడీ, బీఓడీ, టీడీఎస్ లాంటివి. రాత్రింబవళ్లు అంకెలు పంపే ఆన్‌లైన్ మీటర్లు వచ్చినా వాటి చూపూ ఈ జాబితా దాటదు. సీఓడీ అంటే నీళ్లలో ఉన్న సరుకంతా ఆక్సీకరణం చెందడానికి ఎంత ఆక్సిజన్ కావాలన్న లెక్క. ఆ సరుకు గంజినీళ్లా, యాంటీబయాటికా అన్నది దానికి పట్టదు.

2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన లార్సన్ బృందం ప్రచురించిన అంకె మీకు గుర్తుండే ఉంటుంది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలం చేరే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అయ్యాక బయటికొచ్చిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. సిప్రో మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా ఇది ఎక్కువ. రోజుకు 45 కిలోల మందు ఇలా నీళ్లపాలవుతోందని, స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజుల్లో వాడేది అంతేనని లెక్కగట్టారు. 2009లో వచ్చిన మరో అధ్యయనం చుట్టుపక్కల ఆరు ఊళ్ల బావుల్లోనూ మందుల ఆనవాళ్లు పట్టుకుంది. తుమ్ములకు వేసుకునే సెట్రిజిన్ ఒక చెరువులో లీటరుకు 1.2 మిల్లీగ్రాముల దాకా దొరికింది.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. 31 మిల్లీగ్రాముల సిప్రో పూర్తిగా ఆక్సీకరణం చెందడానికి యాభై మిల్లీగ్రాములకు కాస్త అటూఇటూగా ఆక్సిజన్ చాలు. వాగుల్లోకి వదిలే నీటికి సీఓడీ హద్దు లీటరుకు 250 మిల్లీగ్రాములు. అంటే ప్రపంచమంతా నోరెళ్లబెట్టి చూసిన ఆ మోతాదు మందు ఉన్న నీళ్లు కూడా, తక్కినవి సరిగ్గా ఉంటే, సీఓడీ పరీక్షలో దర్జాగా పాసవుతాయి. ల్యాబులో కూర్చున్నవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. నీళ్లలో మందెంత అని వాళ్లను ఎవరూ అడగలేదు.

ఏమీ చేయలేదని అనను. బావులు చెడిపోయిన ఊళ్లకు బయటి నుంచి తాగునీళ్లు ఇచ్చారు, కోర్టు చెప్పాకే అయినా. శుద్ధి చేసిన నీళ్లను నక్కవాగులో వదలకుండా 18 కిలోమీటర్ల పైపులైన్ వేసి నగరంలోని మురుగు వ్యవస్థకు కలిపి, అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపారు. నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో కలుస్తాయి. అంబర్‌పేట నీళ్లు మూసీలోకి, మూసీ కృష్ణలోకి పోతాయి. గోదావరి వైపు పోయేది కృష్ణ వైపు మళ్లిందన్నమాట. అంబర్‌పేటలో మురుగును తిని శుభ్రం చేసేది బ్యాక్టీరియా. బ్యాక్టీరియాను చంపే మందు కలిసిన నీళ్లను ఎంత పలచన చేసినా సరే అక్కడికే పంపాలన్న ఆలోచన వచ్చినప్పుడు, ఆ గదిలో ఒక్కరైనా అడ్డు చెప్పారా అని నాకు ఇప్పటికీ సందేహమే.

యాంటీబయాటిక్ కొద్దిగా ఉన్న నీళ్లలోనే దాన్ని తట్టుకునే బ్యాక్టీరియా బలపడుతుంది. పటాన్‌చెరు దగ్గరి వాగు అడుగు మట్టిలో మందులకు లొంగని జన్యువులు పెద్ద ఎత్తున ఉన్నాయని 2011లోనే తేలింది. అంటే నీళ్లు ఎప్పుడో పోయినా మట్టిలో ఆ మందుల జాడ మిగిలిపోయింది.

ఢిల్లీ సంగతీ చూశాం. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ 121 యాంటీబయాటిక్‌లకు వ్యర్థజలాల్లో హద్దులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ పట్టిక మాయమైంది. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. నార్వే ఆసుపత్రులు యాంటీబయాటిక్‌లు కొనే టెండర్లలో తయారీ దగ్గరి పర్యావరణ జాగ్రత్తలకు మార్కులు వేస్తున్నాయి. ఓస్లోలో కొనేవాడు అడగగలిగింది ఇస్నాపూర్‌లో బోరువేసుకున్నవాడు అడగలేకపోతున్నాడు.

కేంద్రం హద్దు పెట్టలేదు కదా, మేమేం చేస్తాం అనే మాట మాత్రం మీ నోట రాకూడదు. 1974 నీటి చట్టం 17వ సెక్షన్ వ్యర్థజలాలకు ప్రమాణాలు నిర్ణయించే పనిని రాష్ట్ర మండలికే అప్పజెప్పింది. కేంద్రం పెట్టిన వాటికన్నా కఠినమైన ప్రమాణాలు మీరు పెట్టొచ్చని 1986 పర్యావరణ నియమాలూ చెబుతున్నాయి. ఏ కంపెనీ ఏ మందు ఎంత తయారు చేస్తుందో ఫ్యాక్టరీ నడపడానికి మీరిచ్చే కాన్సెంట్‌లోనే రాసి ఉంటుంది. ఆ పేరు పక్కనే, నీళ్లలో ఇంతకు మించి ఉండకూడదు అని ఇంకో గడి గీయడానికి ఎవరి అనుమతి కావాలి?

ఇక కంపెనీ గోడ లోపలి సంగతి. పాత పద్ధతిలో నడిచే యూనిట్లలో రియాక్టర్ మూత తీసి, సంచి చింపి పొడి గుమ్మరించేది హెల్పర్. సెంట్రిఫ్యూజ్‌లోంచి తడి ముద్దను తోడేదీ, డ్రయర్ ట్రేలు దులిపేదీ అతనే. మూతికి గుడ్డ మాస్కు. తరచూ కాంట్రాక్టు కూలీ, ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చినవాడు. దుమ్ము పని చేసినవాడి చేతిలో బెల్లం ముక్క పెట్టడం మన ఫ్యాక్టరీల్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఊపిరితిత్తుల్లోకి పోయిన దుమ్ముకు పొట్టలోకి పోయే బెల్లం ఎలా విరుగుడో ఏ వైద్యుడూ చెప్పలేడు. భోపాల్ గ్యాస్ విషాదం తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, పనిచేసేచోట గాలిలో బెంజీన్, టోలుయీన్ లాంటివి ఎంతవరకు ఉండొచ్చో హద్దులు పెట్టారు. యాంటీబయాటిక్ పొడికి ఆ పట్టికలో చోటు ఇవ్వలేదు. గొట్టంలోంచి వాగులోకి వచ్చే మందు మొదట పోయేది హెల్పర్ ముక్కులోకే. అయినా గోడ లోపల ఫ్యాక్టరీల శాఖ, గోడ బయట మీరు. ఒకరి రిజిస్టరు ఇంకొకరు చూడరు.

2025 జూన్ 30న పాశమైలారంలోని ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా పోయారు. మంత్రులొచ్చారు, కమిటీలు వేశారు. రావాల్సిందే. కానీ పదేళ్లు పొడి పీల్చి దగ్గుతూ సొంతూరి రైలెక్కినవాడి కోసం ఎవరూ రారు. అతని పేరు కంపెనీ హాజరు పుస్తకంలో కాకుండా మేస్త్రీ చిట్టాలో ఉంటుంది.

నీళ్లలో మందును కొలిచే పరికరాలు లేవంటే నమ్మడం కష్టం. అమెరికాకు పంపే మాత్రలో మలినం 0.1 శాతం ఉన్నా పట్టుకునే యంత్రాలు అవే కంపెనీల ల్యాబుల్లో నడుస్తున్నాయి. కందిలో ఐఐటీ ఉంది, తార్నాకలో ఐఐసీటీ ఉంది. నమూనా మీవాళ్లు తీసి, పరీక్ష వాళ్లతో చేయించి, ఫలితాన్ని ఆ ఊరి పంచాయతీ లేదా మున్సిపల్ ఆఫీసు గోడ మీద తెలుగులో అంటించండి. అదే కాగితం నకలు ఫ్యాక్టరీల శాఖకు పంపి, ఆ మందు తయారయ్యే షెడ్డులో గాలిని కొలవమనండి.

ఈ ఏడాది గడువు తీరే కాన్సెంట్లలో యాంటీబయాటిక్ తయారుచేసే కంపెనీల ఫైళ్లు మీ బల్ల మీదికి వస్తాయి. ఆ షరతుల్లో మందు పేరు, హద్దు రాయండి. రాయలేమంటే ఏ చట్టం అడ్డొస్తోందో సెక్షన్ నంబరుతో సహా చెప్పండి.

ఇట్లు,
సంగారెడ్డి జిల్లా పాఠకుడొకరు