మొక్కు మీది, చెక్కు మాది



ఈ వారం రాస్తున్నది ఒక పార్టీ వాళ్లకే కాదు, మూడు నాలుగు పార్టీల వాళ్లకి కోపం తెప్పిస్తుంది. మా పేటలో నన్ను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన పాస్టరమ్మ గారికి కూడా రావచ్చు. రానివ్వండి. సగంలో ఆపి కామెంట్ పెట్టకుండా చివరిదాకా చదవమని మాత్రం అడుగుతున్నాను.

అడిగేది చిన్న ప్రశ్నే. ఒక మనిషికి ఓట్లేసి కుర్చీలో కూర్చోబెట్టాం. ఆ మనిషికి దేవుడి మీద నమ్మకం ఉంది. ఉండనివ్వండి, అది ఆయన హక్కు. మరి ఆ నమ్మకం ఖర్చు ఎవరు భరించాలి? ఖర్చంటే డబ్బొక్కటే అనుకోకండి. హోదా, పోలీసు, కలెక్టరు సమయం, సమాచార శాఖ ప్రెస్ నోటు, అన్నీ ఖర్చే.

ముందు డబ్బు సంగతే చూద్దాం. తెలంగాణ వస్తే నగలు చేయిస్తానని కేసీఆర్ గారు దేవుళ్లకి మొక్కుకున్నారు. రాష్ట్రం వచ్చింది. 2016 అక్టోబరులో వరంగల్ భద్రకాళికి బంగారు కిరీటం వెళ్లింది. 2017 ఫిబ్రవరిలో తిరుమల వెంకన్నకి సుమారు 5 కోట్ల రూపాయల నగలు వెళ్లాయి. అదే ఏడాది సెప్టెంబరులో మన బెజవాడ కనకదుర్గమ్మకి ముక్కుపుడక వచ్చింది. మొక్కుకున్న నోరు ఆయనది. తీర్చింది రాష్ట్రం పేరున. ఉద్యమంలో ప్రాణాలిచ్చిన పిల్లల్లో క్రైస్తవులు, ముస్లింలు, ఏ దేవుడూ లేనివాళ్లూ ఉన్నారు కదా? వాళ్లు ఎవరికి మొక్కుకున్నారని ఎవరన్నా అడిగారా?

నేను తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి ఒక మాట మీద ఆగుతాను. యజమాని. యజ్ఞం చేయించేవాడు యజమాని. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట ఇంటికీ, పొలానికీ, పాలేరుకీ సొంతదారు అనే అర్థంలో స్థిరపడింది. యజ్ఞం చేయించేవాడూ మనిషిని ఏలేవాడూ మన భాషలో ఒకే మాటలో కూర్చున్నారు. మన శాసనాలు చదవండి. రాజు గుడికి ఊరు రాసిచ్చాడని ఉంటుంది. రాజుకి వచ్చే పుణ్యం ఉంటుంది, ఆ దానాన్ని చెడగొట్టినవాడికి తగిలే పాపం ఉంటుంది. ఆ ఊళ్లో దుక్కి దున్నినవాళ్ల పేర్లు మాత్రం ఉండవు. పన్ను పల్లెది, పుణ్యం రాజుది. రాజ్యాంగం వచ్చి ఆ లెక్క మార్చిందనుకున్నాం. ప్రెస్ నోట్లు చూస్తే పాత శాసనాలే కొత్త ఫాంటులో వస్తున్నట్టున్నాయి.

ఇక బెజవాడకి రండి. 2024 ఆగస్టు ఆఖర్న బుడమేరు పొంగింది. సింగ్‌నగర్, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మనుషులు చచ్చిపోయారు. నీళ్లు తీశాక ఇళ్ల నిండా బురద. ఆ బురద ఎత్తిందెవరు? వేరే ఊళ్ల నుంచి కూడా తెప్పించిన పారిశుధ్య కార్మికులు. వాళ్లలో ఎక్కువమంది మా మాదిగలు, మాలలు, రెల్లి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. కెమెరాలు వాళ్ల చీపుళ్ల దగ్గర ఎంతసేపు నిలబడ్డాయో మీరు చూశారు.

ఆ నెలలోనే, సెప్టెంబరు 18న ముఖ్యమంత్రి చంద్రబాబు గారు తిరుమల లడ్డూలో జంతువుల కొవ్వు కలిసిందన్నారు. 22న ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గారు నంబూరులో 11 రోజుల ప్రాయశ్చిత్త దీక్ష మొదలుపెట్టారు. 24న ఇంద్రకీలాద్రికి వచ్చి గుడి మెట్లు కడిగారు. ఆ చీపురు చుట్టూ కెమెరాలు నిలబడ్డాయి. పంచాయతీరాజ్ మంత్రి ఆయనే, అంటే పల్లెల్లో పారిశుధ్యం చూసే శాఖ ఆయన చేతిలోనే ఉంది. అక్టోబరు 3న తిరుపతి సభలో వారాహి డిక్లరేషన్ చదివి, సనాతన ధర్మ రక్షణకి దేశమంతటికీ ఒక చట్టం కావాలన్నారు. దానికి మూడు రోజుల ముందే సుప్రీంకోర్టు, విచారణ తేలకుండా పత్రికల ముందుకు ఎందుకు వెళ్లారని ముఖ్యమంత్రిని ప్రశ్నించింది. దేవుళ్లని రాజకీయాలకి దూరంగా ఉంచండని కూడా చెప్పింది.

న్యాయంగా మాట్లాడదాం. అదే వరదల్లో పవన్ గారు సొంత డబ్బు ఇచ్చారు. నీళ్లలో మునిగిన 400 పంచాయతీలకి లక్ష చొప్పున ప్రకటించారు. మంచి పని, కాదనను. కానీ ఆ రెండు పనులూ పక్కపక్కన పెట్టి చూడండి. పంచాయతీ బాగు ప్రభుత్వ బాధ్యత, దానికి సొంత జేబు తెరిచారు. దీక్ష సొంత విశ్వాసం, దానికి ప్రభుత్వ హోదాని వాడారు. తారుమారైంది. పంచాయతీకి దక్కాల్సింది హక్కుగా దక్కితే దాత కాళ్లు మొక్కే పని మాకుండదు. దీక్ష ఇంట్లో జరిగితే ఆ దేవుణ్ణి కొలవని మంత్రివర్గ సహచరుడికీ, గుడి కింద దుకాణం పెట్టుకున్న సాయిబుకీ గుండెలో దడ ఉండదు.

'జగన్ చేసినప్పుడు నోరెత్తలేదేం' అని ఇప్పటికే టైపు చేస్తున్న మిత్రుడా, కాస్త ఆగు.

దసరాకి మూలా నక్షత్రం రోజున ముఖ్యమంత్రి ప్రభుత్వం తరఫున దుర్గమ్మకి పట్టువస్త్రాలు ఇస్తారు. జగన్ గారు ఇంట్లో నాలుగు గోడల మధ్య బైబిల్ చదువుతానని తనే చెప్పిన మనిషి. ముఖ్యమంత్రిగా ఆయన కూడా పంచె కట్టి, పట్టువస్త్రాలు తలకెత్తుకుని కొండెక్కారు. అది ఆయన విశ్వాసం కాదు, కుర్చీ చేయించిన పని. అంటే ఈ రాష్ట్రంలో ముఖ్యమంత్రి కుర్చీకే ఒక మతం ఉంది. అందులో ఎవరు కూర్చున్నా ఆ వేషం కట్టాల్సిందే. రేపు బౌద్ధుడైన ఒక మాదిగ బిడ్డ, గోరా గారి లాంటి నాస్తికుడు ఆ కుర్చీ ఎక్కితే? గోరా గారు పనిచేసింది మన జిల్లాలోనే. నాస్తికుడన్న కారణంతో కాలేజీ లెక్చరర్ ఉద్యోగాలు పోగొట్టుకుని, ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో పటమటకి తెచ్చిన మనిషి. ఆయన వారసుల ఓటు బెజవాడకి కావాలి. వాళ్లకి ఆ పళ్లెంలో చోటెక్కడ?

జగన్ గారి ప్రభుత్వమే పాస్టర్లకి నెలకి 5 వేల గౌరవ వేతనం పెట్టింది. ఇమాములకీ, మౌజన్లకీ ఇచ్చింది. మా పేటల్లో పండగ చేసుకున్నారు. నేను చేసుకోలేదు. మా మందిరం కూలి డబ్బుల చందాతో కట్టింది. వరి కోతలప్పుడు గిద్దెడు బియ్యం తీసి పక్కన పెట్టి, ఆ బియ్యం అమ్మి రేకులు కొన్నారు. ఊరి గుడి మెట్లెక్కనివ్వని రోజుల్లో మాకు మేము కట్టుకున్న నీడ అది. ఆ పాస్టరు జీతం ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెడితే, కూలి రేటు కోసం, శ్మశానం జాగా కోసం ఎమ్మెల్యే మీదకి వెళ్లేటప్పుడు ఆయన మా ముందు నడుస్తాడా, వెనక్కి తగ్గుతాడా? పేద పాస్టరుకి పింఛను ఇవ్వండి. పేదవాడు గనక ఇవ్వండి. పాస్టరు గనక వద్దు. అర్చకుడికైనా, మౌజన్‌కైనా ఇదే నా మాట.

'రాజ్యాంగంలో 25వ అధికరణ ఉంది కదా, మంత్రికి మత స్వేచ్ఛ లేదా' అంటారు. ఉంది. ఆ పక్కనే 27 కూడా ఉంది. ఒక మతాన్ని పోషించడానికి ప్రత్యేకించిన పన్ను ఎవరి మీదా రుద్దకూడదని చెప్తుంది. చట్టంలో సందు ఉందని నాకూ తెలుసు. హజ్ సబ్సిడీ కేసులో 2011లో సుప్రీంకోర్టు, పన్నుల్లో కొద్ది భాగం వెళ్తే తప్పు కాదు, పెద్ద భాగం వెళ్తేనే తప్పు అంది. కోర్టు ఊరుకున్నంత మాత్రాన పని న్యాయమైపోదు. ఆ హజ్ సబ్సిడీనే తర్వాత సుప్రీంకోర్టు దశలవారీగా ఎత్తేయమంది, 2018లో ఆగిపోయింది. మరి ఆ రూలు మిగతా దేవుళ్లకి వర్తించదా?

'హుండీ డబ్బు హిందువులది, మీకేంటి నొప్పి' అని ఇంకొకరు. సరే, భక్తుల డబ్బే అనుకుందాం. అప్పుడు భక్తులే ఇవ్వాలి. మీరు చెమటోడ్చి వేసిన హుండీ డబ్బుతో ముఖ్యమంత్రి తన మొక్కు తీర్చుకుంటే నొప్పి నాకంటే ముందు మీకు పుట్టాలి.

'స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం పెట్టింది ప్రజల సొమ్ముతో కాదా' అన్నది ఎప్పుడూ వచ్చే ప్రశ్న. అవును, ప్రజల సొమ్మే. రాజ్యాంగం రాసిన మనిషి ఏ మతానికీ దేవుడు కాడు. ఆయన విగ్రహం కింద నిలబడటానికి డిక్లరేషన్ అడగరు. అయితే ఒకటి ఒప్పుకుంటాను. రేపు ఏ మంత్రయినా ఆ విగ్రహానికి పాలాభిషేకం చేస్తే అదీ ఇదే తప్పు. రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి అని 1949 నవంబరు 25న హెచ్చరించింది బాబాసాహెబే.

ఆ ఏడాదే అక్టోబరు 17న రాజ్యాంగ సభలో ఒక సవరణ వచ్చింది. పీఠికని దేవుడి పేరుతో మొదలుపెట్టాలని హెచ్.వి. కామత్ ప్రతిపాదించారు. ఓటింగు జరిగింది. అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68. వ్యతిరేకించినవాళ్లంతా నాస్తికులు కారు. ఒక్కొక్కరి మనసుకి సంబంధించిన విషయాన్ని అందరి తరఫునా ప్రకటించకూడదని భక్తులు కూడా అనుకున్నారు. మన పీఠిక 'భారత ప్రజలమైన మేము' అని మొదలవడం వెనక ఆ ఓటు ఉంది.

ఇదంతా లెక్చరర్ల వాదం, పేదోడికేం ఒరుగుతుంది అంటారా? అసలు విషయం ఇక్కడే ఉంది.

1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మూడో పేరా ఉంది. మొదట హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్నీ ముస్లింల్నీ ఇప్పటికీ చేర్చలేదు. 2023 మార్చిలో మన అసెంబ్లీ దళిత క్రైస్తవుల్ని చేర్చమని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు, డెల్టాలో ఒక పల్లె పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసు కొట్టేసింది. మతం మారాడు గనక ఎస్సీ కాడంది. ఆయన్ని కులం పేరుతో తిట్టి కొట్టారన్నది ఫిర్యాదు. తిట్టేవాడు బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగి తిడతాడా?

కృష్ణా, గుంటూరు పేటల్లో ఇంటింటా ఈ సంగతి తెలుసు. మా అమ్మ ఆదివారం ప్రార్థనకి వెళ్తుంది, కాగితం మీద హిందువు. ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్లేటప్పుడు మెడలో సిలువ తీసి కొంగుకి ముడేసుకునే ఆడవాళ్లని చూస్తూ పెరిగాను. కుల ధ్రువీకరణకి వచ్చిన మనిషి గోడ మీద ఏ పటం ఉందో చూస్తాడు. అంటే ఈ రాజ్యం నా విశ్వాసాన్ని అనుమానంగా చూసి, దాచుకోమంటుంది. అదే రాజ్యం మంత్రి విశ్వాసానికి బందోబస్తు పెట్టి, ప్రత్యక్ష ప్రసారం చేస్తుంది. మంత్రి నమ్మకం రాజ్యానికి అలంకారమైంది. మా అమ్మ నమ్మకం ఆమె చట్టబద్ధమైన హక్కుని మింగేసింది. మాకు లౌకిక రాజ్యం చర్చ వేదికల మీద మాట కాదు. స్కాలర్‌షిప్పు, అట్రాసిటీ కేసు, సర్పంచ్ నామినేషను.

2027లో గోదావరి పుష్కరాలు, 2028లో కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి. లక్షల మంది వస్తారు. ఘాట్లు, తాగునీళ్లు, మరుగుదొడ్లు, డాక్టర్లు ప్రభుత్వమే చూడాలి. అది భక్తి కాదు, బాధ్యత. మంత్రులు జనం ఘాట్లో స్నానం చేయడం మాత్రం బాధ్యత కాదు. 2015 జూలై 14 ఉదయం రాజమండ్రి పుష్కర ఘాట్లో 27 మంది తొక్కిసలాటలో పోయారు. ఆ ఉదయం ముఖ్యమంత్రి కుటుంబం స్నానం చేసింది ఆ ఘాట్లోనే. కమిషన్ ఆయన్ని తప్పు పట్టలేదు. అయినా పాఠం నేర్చుకోవడానికి కమిషన్ అక్కర్లేదు.

కాబట్టి అడుగుతున్నాం. మొక్కు సొంత జేబులోంచి తీర్చుకోండి. పట్టువస్త్రాలు దేవస్థానమో, భక్తులో మోసుకెళ్లనివ్వండి. మత బోధకుల జీతాలు అన్ని మతాలకీ ఆపి, వాళ్లలో పేదలకి అందరితో పాటు పింఛనివ్వండి. పుష్కరాల్లో మంత్రులు కంట్రోల్ రూములో కూర్చోండి. మూడో పేరా తీసేయమని ఢిల్లీ మీద ఒత్తిడి పెట్టండి. సనాతన ధర్మానికి చట్టం అడిగిన గొంతు, ఈ పేరా గురించి కూడా అంతే గట్టిగా అడిగితే వినాలని ఉంది.

దేవుణ్ణి నమ్మే మంత్రి మీద నాకేం పేచీ లేదు. మెడలో సిలువతోనే మా అమ్మ ఆ ఆఫీసు మెట్లెక్కి, తన కాగితం తను తెచ్చుకోగలగాలి. నా పేచీ అంతవరకే.

జై భీమ్.