చదరంగపు బోధనకు ఏ సాఫ్టువేరు తగును?

బడి కంప్యూటర్లపై పిల్లలకు చదరంగము నేర్పుట మేలని మేమును నమ్ముదుము. అయితే అందుకు ఏ సాఫ్టువేరు తేవలెనను ప్రశ్న వచ్చినప్పుడు, అన్నిటికంటె బలమైనదానినే తేవలెనని కొందరు తలిదండ్రులు చెప్పుచున్నారు. ఈ మాట మాకు సమ్మతము కాదు.

1997వ సంవత్సరమున డీప్ బ్లూ అను యంత్రము ప్రపంచవిజేతయైన కాస్పరోవును ఓడించెను. అది ఒక సెకనునకు 20 కోట్ల స్థితులను పరిశీలింపగలిగెడిది. నేడు వెల లేక దొరకు స్టాక్‌ఫిష్ ఆటలో దానికంటెను మిన్న. నిన్న మొన్న గుర్రపు నడక నేర్చిన బాలుని అట్టిదాని యెదుట కూర్చుండబెట్టినచో, కొలది యెత్తులలోనే ఓడి, ఏల ఓడెనో యెరుగక లేచిపోవును. దాని బలమును తగ్గించు వీలు కలదు గాని, అప్పుడది ఒక యెత్తు ఘనముగను మరియొక యెత్తు వెఱ్ఱిగను ఆడునే గాని, తోడి బాలునివలె పొరబడదు.

ఇంట తాతగారియొద్ద ఆట నేర్చిన పిల్లలకు మరియొక చిక్కు. దేశీయపద్ధతిలో బంటు తొలి యెత్తున సైతము ఒక్క గడియే కదలును. కంప్యూటరు బంటు రెండు గడులు పోవచ్చును. మనము మంత్రి యనుదానిని అది రాణి యనును. ఒక చిన్నవాడు, "అయ్యగారూ, కంప్యూటరు దొంగాట ఆడుచున్నదండీ!" అని మాతో మొరపెట్టుకొనెను. వాని తప్పేమియు లేదు. ఈ భేదమును ముందుగా చెప్పవలసినవాడు ఉపాధ్యాయుడు.

లీచెస్‌లోని తొలిపాఠములును చిక్కుప్రశ్నలును చక్కనివి. వెలయు లేదు, ప్రకటనలును లేవు. కాని మన వత్సవాయి వంటి యూళ్లలో ఇంటర్నెట్టు తెగిన దినమున పాఠమును తెగును. కావున చిన్న తరగతులకు జీకాంప్రిస్ తగునని మా అభిప్రాయము. అదియు వెల లేనిదే. ఒకసారి కంప్యూటరులో ఎక్కించినచో ఇంటర్నెట్టుతో పని లేదు. ఆట చివరిభాగమును మాత్రమే, కొద్దిపాటి బలముతో, అభ్యసింపవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, ఇద్దరు పిల్లలు ఒకే కంప్యూటరుకడ ఒకరితో నొకరు ఆడుకొనవచ్చును. పెద్ద తరగతులవారు, ఆట ముగిసిన పిమ్మట తమ తప్పులు వెదకికొనుటకు, స్టాక్‌ఫిష్‌ను వాడుకొందురు గాక.

మన కృష్ణా సీమలోనే, గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2002లో గ్రాండ్‌మాస్టరు అయ్యెను. 2019లోను 2024లోను మహిళల ర్యాపిడ్ పోటీలలో ప్రపంచవిజేతగా నిలిచెను. ఆమెకు ఆట నేర్పినవారు తండ్రిగారైన అశోక్ గారు. ప్రక్కన కూర్చుండి, "ఈ యెత్తు ఏల వేసితివి?" అని యడుగు మనిషి లేనిచో ఏ సాఫ్టువేరు తెచ్చినను ఫలము స్వల్పమే. కావున కంప్యూటర్ల గదికి వారమున కొక గంట ఒక ఉపాధ్యాయుని నియమింపవలెననియు, కొనుగోళ్ల పట్టికలో నాలుగు చదరంగపు బల్లల వెలను గూడ చేర్చవలెననియు పాలకవర్గమువారిని కోరుచున్నాము.