మిక్కిలి మంచి ఆటగాడు కీర్తిమందిరమునకు అర్హుడా?

మన పాఠశాల వసారాలో, ప్రధానోపాధ్యాయులవారి గది ప్రక్క గోడకు, క్రీడలలో పేరు గాంచిన పూర్వవిద్యార్థుల పేర్లు వ్రాసిన నల్లని చెక్కపలక యొకటి కలదు. చదువరులలో పెక్కుమంది దానిని చూచియే యుందురు. ఈ సంవత్సరము వార్షికోత్సవమునకు కొన్ని దినములు ముందు ఒక విద్యార్థి తండ్రి, వేరుసెనగ చేనినుండి నేరుగా వచ్చినవాడు, ఆ పలకముందు చాలసేపు నిలుచుండి, పిమ్మట మా యొద్దకు వచ్చి, “అయ్యవారూ, మావాడు నాలుగేండ్లు ఒక్క ఆట గూడ తప్పలేదే. బాగా ఆడతాడని మీరే అంటిరి గదా. వాని పేరు ఈ పలకమీద యాల లేదు?” అని యడిగెను.

బాగుగా ఆడుట వేఱు, పలక కెక్కుట వేఱు అని మేము చెప్పితిమి. ఆ సమాధానము ఆయనకు తృప్తి కలిగింపలేదు. నిజము చెప్పవలెనన్న మాకును కలిగింపలేదు. ఆ రెంటినడుమ గీత ఎక్కడ గీయవలెనో మేమే సరిగా యోచించి యుండలేదు. కొంతకాలమునకు మన సారస్వత సంఘమున పై తరగతుల బాలురు ఇట్టి విషయమునే తీసికొని రెండు పక్షములుగా చీలి వాదించిరి. వారి వాదము పాఠశాల పలకను గూర్చి కాదు, ప్రపంచమంతటికిని చేరిన ఒక పలకను గూర్చి. అది విన్న పిమ్మట మాకు కలిగిన అభిప్రాయమును ఇందు వ్రాయుచున్నాము.

అంతర్జాతీయ క్రికెట్టు మండలి తన శతవార్షికోత్సవ సందర్భమున 2009 జనవరిలో కీర్తిమందిరమను పేర ఒక పట్టికను నెలకొల్పినది. బిషన్ సింగ్ బేడీ, సునీల్ గవాస్కర్, కపిల్ దేవ్ అను మువ్వురు భారతీయులు మొదటి పట్టికలోనే చేరిరి. 2024లో నీతూ డేవిడ్, 2025లో మహేంద్రసింగ్ ధోనీ చేరుటతో మనవారి సంఖ్య పదునొకటి యైనది. వీరిలో తెలుగువా రొక్కరును లేరు. ఆట విరమించి అయిదేండ్లు గడచి యుండవలెననియు, బ్యాట్స్‌మనునకు టెస్టులలో గాని ఒకదినపు పందెములలో గాని 8,000 పరుగులును 20 శతకములును ఉండవలెననియు, లేనిచో సగటు 50 దాటవలెననియు దానికి ప్రకటించిన కొలత.

ఇక మన హైదరాబాదువాడైన వంగిపురపు వేంకటసాయి లక్ష్మణ్‌ను ఈ కొలతకు నిలువబెట్టుదము. ఆయన 2012లో ఆట విరమించునాటికి 134 టెస్టులలో 8,781 పరుగులు చేసెను. శతకములు 17. సగటు 45.97. అనగా పరుగులు చాలినవి, శతకములు మూడు తక్కువైనవి, సగటు నాలుగు పరుగుల చిల్లర తక్కువైనది. (ఆయన చదివినదియు హైదరాబాదులోని లిటిల్ ఫ్లవర్ అను క్రైస్తవ పాఠశాలయే యని మన విద్యార్థులు గర్వముతో చెప్పుకొనిరి గాని, అది వాదములో చెల్లదు.) వ్యతిరేక పక్షపు బాలుడు లేచి, “ఆయన మిక్కిలి మంచి ఆటగాడే. మహాక్రీడాకారుడు మాత్రము కాడు. గీత యనునది ఉన్న పిమ్మట, గీతకు ఈవల నున్నవానిని ఆవల నున్నాడనరాదు” అనెను. సభలో అనేకులు చప్పట్లు కొట్టిరి. ఆ వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు.

గీతను చెరిపివేసినచో ఏమి జరుగునో అమెరికావారి బేస్‌బాలు ఆట చూపుచున్నది. వారి కీర్తిమందిరము న్యూయార్కు రాష్ట్రమందలి కూపర్స్‌టౌనులో 1939లో తెరవబడినది. 1936లో జరిగిన మొదటి ఎన్నికలో అయిదుగురికి మాత్రమే చోటు దొరకినది. నాటినుండియు పత్రికా రచయితల ఓట్లలో నూటికి డెబ్బదియైదు రానిదే ఆ ఎన్నికలో నెగ్గుట లేదు. కొద్దిలో తప్పిపోయినవారి కొఱకు “మిక్కిలి మంచివారి మందిరము” అను పరిహాసపు మాట యొకటి అక్కడ పుట్టినది. హెరాల్డ్ బెయిన్స్ అను నాతడు ఇరువదిరెండు సంవత్సరములాడి 2,866 హిట్లు కొట్టెను. నిలుకడగల మంచి ఆటగాడు. పత్రికా రచయితలు ఏ యేటను ఆయనకు నూటికి ఏడు ఓట్లయినను ఇయ్యలేదు. అయినను 2018 డిసెంబరులో పదునార్గురు సభ్యులుగల చిన్న సంఘ మొకటి పండ్రెండు ఓట్లతో ఆయనను లోనికి గొనిపోయెను. అప్పటినుండి బయట నిలిచిన ప్రతి మంచి ఆటగాని పక్షమువారికిని ఒకే వాదము దొరకినది: బెయిన్స్ ఉండగా మావాడేల ఉండరాదు? ఒక్కని విషయమున చూపిన దయ తరువాతి నూర్గురికి కొలతబద్ద యగును.

కావున లక్ష్మణ్ పక్షమున మాటలాడదలచినవారు రెండు వాదములను ముందుగానే విడిచిపెట్టవలెను. “మనవాడు” అనునది యొకటి. “ఫలానావా డుండగా” అనునది రెండవది. ఈ రెండును పోయిన పిమ్మట మిగిలిన దేమి?

మిగిలినది 2001 మార్చి నెలలో కలకత్తా ఈడెన్ గార్డెన్సులో జరిగిన పందెము. ఆస్ట్రేలియావారు అంతకుముందు వరుసగా పదునారు టెస్టులు గెలిచి యుండిరి. వారు 445 పరుగులు చేయగా మనవారు 171కే కూలిరి. 274 పరుగులు వెనుకబడుటచేత వెంటనే మరల బ్యాటు పట్టవలసి వచ్చెను. మొదటి ఇన్నింగ్సులో ఆఱవవానిగా దిగిన లక్ష్మణ్‌ను ఈసారి మూడవవానిగా పంపిరి. నాలుగవ దినమంతయు లక్ష్మణ్, రాహుల్ ద్రావిడ్‌లే ఆడిరి. ఉదయమునుండి సాయంకాలమువఱకు ఒక్క వికెట్టయినను పడలేదు. ఇరువురును కలిసి 376 పరుగులు చేర్చిరి. లక్ష్మణ్ 452 బంతులాడి 281 పరుగులు చేసెను. తుదిదినమున ఆస్ట్రేలియా 212కే ముగియగా భారతదేశము 171 పరుగులతో గెలిచెను. అట్లు మరల ఆడవలసివచ్చిన జట్టు గెలుచుట అంతకుముందు టెస్టుల చరిత్రలో 1894లోను 1981లోను మాత్రమే జరిగినది. ఆ 281 కొలతపట్టికలో ఒక్క శతకముగానే లెక్కింపబడినది.

ఇది ఒక్కనాటి మెఱుపు గాదా యని యడుగవచ్చును. ఒక్క దినపు ఘనతచేతనే మందిర ప్రవేశము ఇయ్యరాదనియే మా మతము కూడ. అయితే 2010వ సంవత్సరమును చూడుడు. ఆగష్టులో కొలంబోలో పందెము గెలిపించు శతకము చేసెను. అక్టోబరులో మొహాలీలో ఆస్ట్రేలియావారిపై 216 పరుగులు చేయవలసియుండగా 124కే ఎనిమిది వికెట్లు పడినవి. నడుమునొప్పితో వంగలేక, తన బదులు పరుగెత్తుటకు వేఱొకని పెట్టుకొని, లక్ష్మణ్ బంతిని విసరు ఇషాంత్ శర్మను తోడుచేసికొని తొమ్మిదవ వికెట్టుకు 81 పరుగులు కూర్చెను. పందెము ఒక్క వికెట్టుతో మనదైనది. ఆయన 73 పరుగులతో తుదివఱకు నిలిచెను. ఆ డిసెంబరులోనే డర్బనులో, ఇరుపక్షములవారును తడబడిన మైదానముపై, రెండవ ఇన్నింగ్సులో 96 పరుగులు చేయగా దక్షిణాఫ్రికా ఓడినది. ఈ 73గాని 96గాని శతకముల లెక్కలో చేరవు.

ఆఱవ స్థానమున ఆడువానికి శతకము లేల తక్కువగునో మన పిల్లలకు చెప్పనక్కఱలేదు. ఎండిన చెఱువులో ఆడునపుడు చివరి జోడుతో మిగిలినవాని గతి వారికి తెలిసినదే. వాడు తన పరుగులను చూచుకొనుటకు వీలులేదు, అవతలివానిని కాపాడవలెను. లక్ష్మణ్ ముప్పదినాలుగుసారులు ఔటుకాకయే మిగిలెను. మన యూరికి వచ్చువారందఱును వీరభద్రాలయపు నాట్యమండపమున వ్రేలాడు స్తంభము క్రిందుగా గుడ్డ దూర్చి చూచి ఆశ్చర్యపడి పోవుదురు. ఆ మండపమున దాదాపు డెబ్బది స్తంభము లున్నవి. కప్పు బరువు మోయునట్టి తక్కినవాని క్రింద గుడ్డ దూరదు గనుక వానివంక నెవరును చూడరు.

కీర్తిమందిరపు కొలత పరుగుల మొత్తము కారాదనియు, ఈ ఆటగాడు లేకున్న ఆట చరిత్ర వేఱుగా నుండెడిదా, అదియు ఒక్కసారి గాక పలుమారు వేఱుగా నుండెడిదా, అని యడుగవలెననియు మా అభిప్రాయము. ఈ ప్రశ్నకు లక్ష్మణ్ విషయమున ఔననియే చెప్పవలెను. తెలుగు పక్షపాతముచేత చెప్పుచున్నామని అందురేమో. మన లేపాక్షి కన్నడదేశపు సరిహద్దున నున్నది, ఆ ప్రక్కవానినే పరీక్షింతము. గుండప్ప విశ్వనాథ్ 91 టెస్టులలో 6,080 పరుగులు, 14 శతకములు చేసెను. కొలతకు ఇంకను దూరముగానే నిలిచెను. 1975 జనవరిలో మద్రాసున వెస్టిండీసు వేగపు బంతుల యెదుట జట్టంతయు 190 చేయగా అందు 97 ఆయనవే. మనవారు గెలిచిరి. ఆయనను గూడ లోనికి రానీయవలెననియే మేము చెప్పుదుము.

కష్టమైన మాట ఇప్పుడు చెప్పవలసి యున్నది. సికిందరాబాదువాడైన ఎం.ఎల్. జయసింహను ప్రేమింపని క్రికెట్టు ప్రియుడు మన రాష్ట్రములలో ఉండడు. 1960లో కలకత్తా టెస్టున అయిదు దినములును బ్యాటు పట్టిన మొదటివా డాయన. 1968లో బ్రిస్బేనునకు కొఱతపడిన స్థానమునకై ఆలస్యముగా పిలువబడి వెళ్లి 74, 101 పరుగులు చేసెను. గవాస్కర్ తన కుమారుని పేరులో జయసింహ పేరును, విశ్వనాథ్ పేరును కలిపి పెట్టుకొనెను. అంతటి వలపు సంపాదించిన ఆటగాడు. అయినను 39 టెస్టులలో 2,056 పరుగులు, మూడు శతకములు. ఆ బ్రిస్బేను పందెమును మనవారు ముప్పదితొమ్మిది పరుగులతో ఓడిరి. ఆయన ఆటలోని సొగసు గొప్పది గాని, మా ప్రశ్నకు ఆయన విషయమున ఔనని చెప్పలేము. చెప్పలేకపోవుట మాకు బాధగా నున్నది. బాధగా నున్నదని గీతను జరుపలేము.

కొఠారి కనకయ్య నాయుడుగారి సంగతి యిట్టిది కాదు. నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమున 1895లో పుట్టిన ఆయన ఆడినవి ఏడు టెస్టులే, చేసినవి 350 పరుగులే, సగటు 25. అంకెలు మాత్రమే చూచువాడు నవ్వును. కాని 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై పదునొకండు సిక్సరులతో 153 పరుగులు చేసి, ఈ దేశమువారు ఇంగ్లీషువారితో సరిజోదుగా ఆడగలరని చూపినది ఆయనయే. 1932లో లార్డ్సున మన మొదటి టెస్టుకు నాయకుడు ఆయనయే. ఏబదియెనిమిదవ యేట ఆంధ్రజట్టునకు సారథ్యము వహించి రంజీ పందెములలోనికి నడిపినదియు ఆయనయే. పూర్వకాలపువారికి ఈ కొలత వర్తింపదని మండలియే ఒప్పుకొన్నది గదా. 2,109 పరుగులు, 162 వికెట్లు గల వినూ మన్కడ్‌ను 2021లో చేర్చుకొనెను. అది న్యాయమే. నాయుడుగారికి అదే న్యాయము 2025 వఱకు జరుగకపోవుట మాకు ఆశ్చర్యముగా నున్నది. హైదరాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ విషయమున వాదమే అక్కఱలేదు. 7,805 ఒకదినపు పరుగులును ఏబది దాటిన సగటును గల ఆమె 2022లో ఆట విరమించినది గనుక, అయిదేండ్ల గడువొకటే అడ్డము.

ఆ తండ్రి ప్రశ్నకు ఇప్పుడు మఱల వచ్చుచున్నాము. నాలుగేండ్లు ఒక్క ఆట తప్పకుండుట మెచ్చదగినదే గాని, అంతమాత్రముచేత పేరు పలక కెక్కదు. ఆ బాలుడు లేకున్న మన జట్టు చరిత్ర వేఱుగా నుండెడిదా యని వ్యాయామోపాధ్యాయుని విచారింపగా, ఆయన రెండు పందెములను జ్ఞాపకము చేసికొనెను. ఒకటి నిరుటిది. అందు చివరి జోడుతో ఈ బాలుడు పదునేడు పరుగులు చేసి గెలిపించినట్లు ఆటల పుస్తకములో ఉన్నది. రెండవది అంతకుముందటి యేడు పొరుగుపాఠశాలతో ఆడినది. అప్పుడును ఇట్లే జరిగినదని ఆయన చెప్పుచున్నాడు. పుస్తకము తెరచి చూడగా ఆ సంవత్సరపు పుటలను చెదలు తినివేసినవి. ఒక్కసారియైనచో పేరు వ్రాయరాదనియు, రెండుసారులైనచో వ్రాయదగుననియు క్రీడాసంఘమున మేము చెప్పియున్నాము. పేర్లను గూర్చి సంఘమువారు జూన్ మాసములో పాఠశాల తెరచినపుడు నిర్ణయింతురు. ఆ పందెమును చూచిన పూర్వవిద్యార్థులెవరైనను, ఎదుటిజట్టువారైనను సరే, తాము చూచినదానిని చూచినట్లు వ్రాసి అంతలోపల పాఠశాలకు పంపవలెనని కోరుచున్నాము.