తాళం తీశారు, సుంకం వేశారు

2026 జనవరి నుంచి ఏసీఎం ప్రచురణలన్నీ ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. 1947లో అమెరికాలో పుట్టిన ఈ కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సంఘం, 1951 నుంచి 2000 వరకు అచ్చువేసిన వాటిని 2022లోనే అందరి ముందూ ఉంచింది. ఇప్పుడు మిగిలిన తాళాలూ తీసింది. సంతోషించవలసిన వార్తే. అయితే ఈ సంబరంలో ఒక సంగతి మరుగున పడిపోతున్నది.

ఆ సంఘమిచ్చే ట్యూరింగ్ పురస్కారాన్ని 1994లో ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నవారు మన రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, గిండీలో ఇంజనీరింగు చదివి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు పొంది, 1987-89లో అమెరికా కృత్రిమ మేధ సంఘానికి అధ్యక్షత వహించారు. పదవులూ పురస్కారాలూ అలా ఉండనీయండి. నా దృష్టిలో ఆయన చేసిన మహోపకారం పది లక్షల పుస్తకాల పథకం. 2007 నాటికే అది పదిహేను లక్షలు దాటింది. దానిలో భాగమైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాను తిట్టుకోని తెలుగు పాఠకుడు లేడు, పేర్లన్నీ తప్పులతడక. అయినా తాతలనాటి పుస్తకాలు మనకు అక్కడే దొరికాయి. ఖర్చు ప్రభుత్వాలూ విశ్వవిద్యాలయాలూ భరించాయి. చదివేవాడిని ఎవరూ కానీ అడగలేదు.

నేటి పత్రికల పద్ధతి వేరు. చదివేవాడిని వదిలి రాసేవాడిని పట్టుకున్నారు. ఏసీఎంలోనైనా, మీ సంస్థ ముందుగా ఒప్పందం చేసుకొని ఉండకపోతే రుసుము మీ మీదే పడుతుంది. వాణిజ్య ప్రచురణకర్తల సంగతి చెప్పనే అక్కరలేదు: ఒక్క వ్యాసానికి 'నేచర్' 2020లో ప్రకటించిన వెల 9,500 యూరోలు!

జగిత్యాల సన్నాలు తిన్నవారందరూ పొలాస పరిశోధన స్థానానికి ఋణపడినవారే. అక్కడి శాస్త్రజ్ఞుడు, కోరుట్ల పశువైద్య కళాశాల అధ్యాపకుడు, సిరిసిల్ల ఇంజనీరింగు విద్యార్థి ఇంత సొమ్ము ఎక్కడినుంచి తేవాలి? నిన్నటిదాకా వారు చదవలేకపోయారు; రేపు రాయలేకపోతారు. దీనికి స్వేచ్ఛ అని పేరా?

మన ప్రభుత్వమేమో 2024 నవంబరులో 'ఒకే దేశం, ఒకే చందా' పథకాన్ని ఆమోదించింది. మూడేళ్ళకు 6,000 కోట్లు. ముప్ఫై మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ సంస్థలకు అందుతాయి. మంచిదే. కాని ప్రైవేటు కళాశాల పిల్లవాడు, పొలాస పక్కనే సేద్యం చేసే రైతు, సిరిసిల్ల మగ్గం మీది కార్మికుడు గుమ్మం బయటనే నిలబడాలి. ఆ పరిశోధనకు పన్ను కట్టినవారిలో వారు లేరా?

పత్రిక నడపడానికి డబ్బు వద్దా అని అడుగుతారు. కావాలి. అయితే వ్యాసాలను పరీక్షించే పండితులకు ఎవరూ జీతమివ్వడం లేదు. శ్రమలో పెద్దభాగం ఉచితమే. 2001లో 'మెషీన్ లెర్నింగ్' పత్రిక సంపాదకమండలి నుంచి నలభైమంది రాజీనామా చేసి, అప్పుడే మొదలైన మరో పత్రిక వెంట నిలిచారు. అది చదివేవారినీ రాసేవారినీ డబ్బు అడగకుండా నేటికీ నడుస్తున్నది. రాజ్ రెడ్డి గారి శాస్త్రంలోనే జరిగిన కథ ఇది.

కనుక మిత్రులారా, ఆ 6,000 కోట్లలో వందో వంతు, అంటే అరవై కోట్లు, మన శాస్త్ర సంఘాల పత్రికలకు ఇమ్మని అడుగుదాం. షరతు ఒక్కటే: రాసేవాడిని అడగకూడదు, చదివేవాడినీ అడగకూడదు. తాళం తీసి గుమ్మంలో సుంకం వసూలు చేసేవారికి దండలు వేయడం నాకు చేతకాదు.